పట్వారీ పోయినా పహాణీ పోదు

తెలుగు నేల మీద, గ్రామంలో భూమి లెక్కలు రాసే ఉద్యోగిని ప్రభుత్వాలు రెండుసార్లు మూలమట్టంగా రద్దు చేశాయి. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కోస్తా, రాయలసీమల్లోని కరణాలను, మునసబులను, తెలంగాణలోని పటేల్, పట్వారీలను ఇంటికి పంపింది. 2020 సెప్టెంబరులో కేసీఆర్ ప్రభుత్వం వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) వ్యవస్థను ఎత్తివేస్తూ, వారి దగ్గరున్న రికార్డులన్నిటినీ ఒక్క పూటలో తహసీల్దార్లకు అప్పగించమంది. రెండు సందర్భాల్లోనూ ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. లంచాలిచ్చి విసిగిపోయిన రైతు ఆ రోజు సంతోషించడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. రెండు సందర్భాల్లోనూ, ఆ సంతోషం తీరాక, అదే పని చేయడానికి మరో పేరుతో మరో ఉద్యోగిని వెతుక్కోవలసి వచ్చింది.

ఒక వ్యవస్థ కుళ్లిపోయినప్పుడు దాన్ని బాగుచేసుకోవాలా, కూల్చి పునాదుల నుంచి కట్టుకోవాలా అన్న పాత వాదనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక పదవి మీద ఎవరికైనా సొంతదారు హక్కు పేరుకుపోతే ఆ హక్కును దయాదాక్షిణ్యాలు లేకుండా రద్దు చేయాలి. ఆ పదవిలో ఉన్నవారు చేస్తూ వచ్చిన పనిని గానీ, ఆ పని తప్పుగా జరిగినప్పుడు మొరపెట్టుకునే దారిని గానీ ఒక్క రోజు కూడా ఆపకూడదు. మన ప్రభుత్వాలు ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి పారేస్తూ వచ్చాయి. చిక్కంతా అక్కడుంది.

1984 నాటి రద్దే అన్యాయమని వాదించేవారు ఇప్పటికీ కొందరున్నారు. నేను వారిలో లేను. కరణీకం, మునసబుగిరీ తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే ఆస్తిలా సాగాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1895 నాటి చట్టమే దానికి ముద్ర వేసింది. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి మీద నడిచిన గాజుల దశరథ రామారావు కేసులో, పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 దశకం మొదలయ్యేనాటికే తేల్చేసింది. అయినా తరువాత రెండు దశాబ్దాలకు పైగా చాలా ఊళ్లలో ఆ పదవులు ఆ ఇళ్ల గడప దాటలేదు. అత్యున్నత న్యాయస్థానం చెప్పాక కూడా ఇరవై ఏళ్లు లొంగని వ్యవస్థను ఇంకా సంస్కరించుకుంటూ కూర్చోమనడం, దాన్ని కాపాడమనడమే అవుతుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకూడదన్న సామెత సంస్కరణవాదులకు మహా ఇష్టం. ఇల్లే ఎలుకల పేరున రిజిస్టరై ఉన్నప్పుడు ఆ సామెత ఎందుకూ కొరగాదు. 1984 రద్దు చెల్లుతుందని సుప్రీంకోర్టు మరుసటి ఏడాది సమర్థించింది కూడా.

పట్వారీ చేతిలో ఉన్న అధికారం ఎంతటిదో మా ఇంట్లోని కాగితాలే చెబుతాయి. పహాణీ అంటే ఏటా రాసే ఊరి భూముల లెక్క. పాత పహాణీ నకలు ఒకటి తీసి చూస్తే అడ్డంగా గళ్లు కనబడతాయి: సర్వే నంబరు, ఎకరాల్లో గుంటల్లో విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, ఆ పక్కన అనుభవదారు పేరు, ఆ తరువాత నీటి వసతి, వేసిన పంట. పట్టాదారు గడిలో పేరు మారాలంటే పైఅధికారి ఉత్తర్వు కావాలి. అనుభవదారు గడి అలా కాదు. పొలం మీదికి వెళ్లి, దున్నుతున్నదెవరో చూసి, పట్వారీ ఏటా నింపవలసిన గడి అది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పెద్ద పట్టాదారు చెలకను మా తాత ఏళ్ల తరబడి కౌలుకు చేశాడు. ఆ గడిలో ఏటేటా ఆయన పేరే ఉంటూ వచ్చి, ఒక సంవత్సరం ఉన్నట్టుండి ‘ఖుద్’ అన్న రెండక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. పట్టాదారు స్వయంగా సేద్యం చేసుకుంటున్నాడని దాని అర్థం. మా తాత ఆ ఏడు కూడా అదే చెలకలో జొన్న వేశాడు. హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950లోనే వచ్చి ఉన్నా, ఆ చట్టం కింద నోరు తెరిచి అడగడానికి కావలసిన ఆధారం ఆ రెండక్షరాలతో గల్లంతయింది. అందుకే పట్వారీ వ్యవస్థ పోయిందని మా నాన్న తరం పండగ చేసుకున్నదంటే నాకు పూర్తిగా అర్థమవుతుంది.

అయితే ఆ తరువాత జరిగిందేమిటో కూడా చెప్పుకోవాలి. పట్వారీ ఉద్యోగం పోయింది కానీ, ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ అన్నదమ్ములు ఎప్పుడు పంచుకున్నారో, ఎవరి పంపకం హక్కు మార్పులు రాసే ఫైసల్ పట్టీకి ఎక్కిందో ఎవరిది ఎక్కలేదో తెలిసిన మనిషి మాత్రం ఊళ్లోనే ఉన్నాడు. గెట్టు తగాదా వచ్చినా, బ్యాంకు అప్పుకు కాగితాలు కావలసి వచ్చినా జనం చాలా ఏళ్లపాటు ఆ ఇంటికే నడిచారు. విస్తీర్ణం తక్కువ పడిందేమిటని అడిగితే ఆయన పుస్తకం కూడా తెరవకుండా చెప్పేవాడు: “ఆ పద్నాలుగు గుంటలు యాడికి పోలె బిడ్డా, మీ పెద్దాయన పేర్ల ఉన్నయి. పంచుకున్ననాడు కాయితం రాసుకున్నరు గని ఎక్కియ్యలె.” మాట నిజమే, కాకపోతే ఆ మాటకు ఇప్పుడు రుసుము ఆయన ఇష్టం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి జమాబందీలో పైఅధికారి ముందు లెక్క చెప్పుకోవలసి వచ్చిన మనిషి, ఉద్యోగం పోయాక ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని మనిషయ్యాడు. అతని దగ్గరి విద్యను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకునే ఏర్పాటు చేయకుండా అతన్ని పంపించడం వల్ల, అతని పెత్తనం సగం మిగిలింది, అతని జవాబుదారీ పూర్తిగా పోయింది. ఆ తరువాత వీఏవోలు (గ్రామ పరిపాలనాధికారులు) వచ్చారు, కొంతకాలం పంచాయతీ కార్యదర్శులకు ఆ పని అప్పజెప్పారు, చివరికి వీఆర్వోలు వచ్చారు. పేరు మారినప్పుడల్లా పుస్తకాలు చేతులు మారాయి, చేతులు మారినప్పుడల్లా కొన్ని పేజీలు తగ్గాయి.

పాతదాన్ని కూల్చి కట్టిన ప్రతిదీ విఫలమైందని నేను అనడం లేదు. అదే ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లో తాలూకాలను, ఫిర్కాలను తీసేసి 1,100కు పైగా మండలాలను సృష్టించింది. అది కూడా పునాదుల నుంచి కట్టినదే. నలభై ఏళ్లుగా నిలబడింది, దాన్ని వెనక్కి తిప్పమని అడిగే పార్టీ ఒక్కటీ లేదు. ఎందుకు నిలిచిందంటే, తాలూకా కచేరీలో జరిగే పని ఏదీ ఆగలేదు. అదే పని, అవే రిజిస్టర్లు, అదే సిబ్బంది చిన్న ముక్కలుగా విడిపోయి రైతు ఇంటికి దగ్గరగా వచ్చాయి. తాలూకా కేంద్రానికి బస్సెక్కి పోయి, పని కాక రాత్రి అక్కడే పడుకోవలసిన అవసరం తప్పింది. మునసబు కరణాల రద్దునూ మండలాల ఏర్పాటునూ ఒకే నాయకుడి ఒకే రకం తెగువగా చెప్పుకోవడం మనకు అలవాటైంది కానీ, పరిపాలన దృష్టితో చూస్తే ఆ రెండూ పూర్తిగా వేర్వేరు జాతుల మార్పులు.

ఇక 2020 సంగతి. దానికి మూడేళ్ల ముందే, 2017 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. రాష్ట్రమంతటా ఊరూరా తిరిగి దాదాపు వంద రోజుల్లో ముగించిన పని అది. పేచీ లేని భూములను ఒక పక్కన, పేచీ ఉన్నవాటిని పార్ట్-బి అనే మరో పక్కన పెట్టారు. 2018 మే నుంచి రైతుబంధు డబ్బు ఇవ్వవలసి ఉంది కనుక, ఏ ఎకరా ఎవరిదో త్వరగా తేలాలి. తేలనిదాన్ని తరువాత చూసుకోవచ్చనుకున్నారు. ఆ ‘తరువాత’ చాలామంది విషయంలో ఏళ్లకు ఏళ్లు సాగింది. ఇదే క్రమంలో పహాణీలోని అనుభవదారు గడిని తీసేశారు. మా తాత పేరు ఒకనాడు ఉండి మాయమైన గడి గురించి ఇంతసేపు ఎందుకు చెప్పానో పాఠకులకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ గడిలో అబద్ధాలు రాసేవారన్నది నిజం. అబద్ధం రాసే వీలు లేకుండా చేయడానికి గడినే లేకుండా చేశారు. దాంతో కౌలుదారు గురించి అబద్ధం రాయడం ఎలాగూ కుదరదు, నిజం రాయడం కూడా కుదరదు.

2020 అక్టోబరు 29న ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ మొదలైంది. దానిలోని మంచిని మొదట చెప్పడం న్యాయం. అంతకుముందు వ్యవసాయ భూమి కొన్నవారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకుని, మ్యుటేషన్ కోసం, అంటే రికార్డులో పేరు మార్పు కోసం, మళ్లీ వేరుగా వీఆర్వో చుట్టూ, తహసీల్దారు చుట్టూ తిరిగేవారు. ధరణిలో స్లాట్ బుక్ చేసుకుని వెళితే తహసీల్దారు కార్యాలయంలోనే రెండూ ఒక్క పూటలో అయిపోయాయి. పట్టా శుభ్రంగా ఉండి, అమ్మేవాడికీ కొనేవాడికీ పేచీ లేని చోట అది నిజంగా గొప్ప సౌకర్యం. ఈ సౌకర్యాన్ని తెచ్చిన చట్టమే పాత పట్టాదారు పాసు పుస్తకాల చట్టాన్ని, అంటే 1971 నాటి ఆర్వోఆర్ చట్టాన్ని రద్దు చేసింది. రెవెన్యూ కోర్టులు పోయాయి. తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవోకు, ఆపైన జాయింట్ కలెక్టరుకు అప్పీలు చేసుకునే మెట్లు పోయాయి. అప్పటికి పెండింగులో ఉన్న సుమారు 16,000 కేసులు తాత్కాలిక ట్రిబ్యునళ్లకు వెళ్లాయి. కక్షిదారుల మాట వినకుండానే వాటిని ముగిస్తున్నారన్న ఫిర్యాదు మీద, మళ్లీ వినవలసిందేనని హైకోర్టు చెప్పవలసి వచ్చింది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది సాదాబైనామాల ఉదంతం. తెల్ల కాగితం మీద భూమి కొనుక్కుని, రిజిస్ట్రేషన్ లేకుండా దశాబ్దాలుగా సాగు చేసుకుంటున్న చిన్న రైతులు తెలంగాణలో లక్షల్లో ఉన్నారు. వారి కొనుగోళ్లను క్రమబద్ధం చేసే వీలు పాత చట్టంలోని 5-ఎ సెక్షన్‌లో ఉండేది. 2020 చివర్లో ప్రభుత్వమే దరఖాస్తులు పెట్టుకోమని పిలిచింది; దాదాపు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వాటిని తీసుకుంటున్న రోజుల్లోనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పాత చట్టం రద్దయింది, కొత్త చట్టంలో ఆ సెక్షన్ లేదు. ఏ చట్టం కింద వీటిని పరిష్కరిస్తారని హైకోర్టు అడిగితే చెప్పడానికి ప్రభుత్వం దగ్గర జవాబు లేకపోయింది, దరఖాస్తులు ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నాయి. ఎవరూ పేదవాడికి హాని తలపెట్టి ఆ సెక్షన్ తీసేశారని నేను అనుకోను. పాత ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో అదొకటి ఉందన్న ధ్యాసే ఎవరికీ కలగలేదు. యాభై ఏళ్లు నడిచిన చట్టంలోని ప్రతి సవరణ వెనుకా ఎక్కడో ఎవరికో జరిగిన అన్యాయం ఉంటుంది. దాన్ని మొత్తంగా చెరిపి కొత్తది రాసేవారికి ఆ అన్యాయాలు గుర్తుండవు.

పైగా మొదటినుంచి మొదలుపెట్టాం అన్నది మాటవరసకే. ధరణిలోకి ఎక్కింది కొత్తగా కొలిచిన భూమి కాదు. తెలంగాణలో చాలా ఊళ్లలో కొలతలు నిజాం కాలపు సర్వేవే. వాటి మీద పట్వారీలు, వీఆర్వోలు రాసుకుంటూ వచ్చిన పేర్లు, వంద రోజుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులు, అన్నీ కంప్యూటరులోకి వచ్చి కూర్చున్నాయి. తప్పు పాతదే, దాన్ని దిద్దే మనిషి మాత్రం లేడు. పహాణీలో తప్పుంటే అది తప్పని ఊరందరికీ తెలిసేది. ధరణిలో ఉంటే అదే సర్కారు మాట అయింది. దిద్దుబాటు అధికారం చాలావరకు కలెక్టరు స్థాయికి పోయి, ఒక్కొక్క రకం తప్పుకు ఒక్కొక్క మాడ్యూలు చొప్పున 30కి పైగా చేర్చుకుంటూ పోవలసి వచ్చింది. గుంటల్లో తేడా దిద్దించుకోవడానికి మీసేవకు వెళ్లిన రైతు మొదట తెలుసుకోవలసింది తన పొలం సంగతి కాదు, టీఎం-33 అంటే ఏమిటో. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారి, 2024లో తహసీల్దార్లకు, ఆర్డీవోలకు అధికారాలు పంచి ప్రత్యేక డ్రైవ్ పెట్టేనాటికి పెండింగులో ఉన్న దరఖాస్తులు 2 లక్షలకు పైనే.

ఇక ఆ వీఆర్వోలు ఏమయ్యారు? 5,000కు పైగా ఉన్న వారందరినీ 2022లో లాటరీ తీసి వేరే శాఖలకు పంచారు. సర్వే నంబర్లు నోటికి వచ్చిన మనిషి, చీటీలో ఏ శాఖ వస్తే ఆ శాఖలో గుమాస్తా అయ్యాడు. వారిలో లంచగొండులు లేరని ఎవరూ అనలేరు. కానీ లంచగొండిని ఏరి శిక్షించడానికి ఏసీబీ ఉంది, శాఖాపరమైన విచారణ ఉంది. అవి కష్టమైన పనులు, నెమ్మదిగా సాగే పనులు, పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కని పనులు. రద్దుకు ఒక్క రోజు చాలు. నాయకులకు రద్దు మీద ఉండే మోజులో సగం ఈ తేలికదనం నుంచి వచ్చిందేనని నా అనుమానం.

ఇంకో రకంగా చేయడం సాధ్యమేనా అంటే, పొరుగున కర్ణాటక 2000 సంవత్సరం ప్రాంతంలోనే చేసి చూపించింది. అక్కడ సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతిరాత పుస్తకాల్లో ఉన్న 2 కోట్ల రికార్డులను ‘భూమి’ పథకం కింద కంప్యూటరుకు ఎక్కించారు. ఎక్కించిన తాలూకాలో చేతిరాత నకలు చెల్లదన్నారు. రైతు తాలూకా కేంద్రంలోని కియోస్క్‌లో 15 రూపాయలు కట్టి నకలు తీసుకునేవాడు. లెక్కాధికారి చేతిలో నుంచి జారిపోయింది నకలు ఇచ్చే, ఇవ్వకుండా ఆపే అధికారం. మ్యుటేషన్ దరఖాస్తు ఏ వరుసలో వస్తే ఆ వరుసలోనే తీయాలన్న నియమంతో ఫైలు తొక్కిపెట్టే వీలు కూడా తగ్గింది. మిగిలింది ఊళ్లో విచారణ చేసే పని. ఆ పనికి మనిషి అక్కడే ఉన్నాడు. అక్కడ లంచం అంతరించిందని చెప్పడం అమాయకత్వమే అవుతుంది, పాత తప్పులు ‘భూమి’లోకి కూడా వెళ్లాయి. అయినా రైతు ఎవరినడగాలో తెలియక దిక్కులు చూసే పరిస్థితి మాత్రం రాలేదు.

లోపలివారిని అట్టేపెట్టి చేసే సంస్కరణను లోపలివారే మింగేస్తారన్న అభ్యంతరం బలమైనదే. కరణాల విషయంలో అది నిజమైందని నేనే పైన ఒప్పుకున్నాను. కానీ అక్కడ వారిని కదలనివ్వనిది కులం, వంశం, ఊళ్లోని ఆస్తి కలిసిన ఒక హక్కు. బదిలీ చేయగలిగిన, సస్పెండ్ చేయగలిగిన, జీతం మీద బతికే వీఆర్వోకు అలాంటి హక్కేమీ లేదు. 1984 మందును 2020 రోగానికి వేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే వాదం మరో రూపంలో వచ్చింది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన భూ హక్కుల చట్టం, అందరూ ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ అని పిలిచినది, హక్కు నిర్ణయాన్ని టైటిల్ రిజిస్టరింగ్ అధికారి చేతిలో పెట్టి సివిల్ కోర్టుల తలుపు మూసింది. జనం భయపడింది కొత్తదనానికి కాదు, ఆ మూసిన తలుపుకు. 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని జూలైలోనే రద్దు చేసింది. అది సరైన రద్దు. దానికి తోడుగా 6,000కు పైగా గ్రామాల్లో జరిగిపోయిన రీసర్వేను కూడా చెత్తబుట్టలో వేయమన్న ఒత్తిడి వచ్చింది. పలువురి భూములను ఒకే నంబరు కింద కలిపేసిన జాయింట్ ఎల్పీఎంల వంటి తప్పులు అందులో నిజంగానే ఉన్నాయి. పాసు పుస్తకాల మీద నాయకుడి బొమ్మ ఉండడం ఇంకో ఎబ్బెట్టు వ్యవహారం. అయినా బొమ్మ తీసి రాజముద్ర వేసి, ఫిర్యాదులు తీసుకుని, పద్ధతి మార్చి రీసర్వేను కొనసాగించారు. బ్రిటిష్ కాలం తరువాత జరిగిన కొలతను పార్టీ పేరు చూసి పారేయకపోవడం ఈ మధ్య మన రాజకీయాల్లో కనిపించిన అరుదైన వివేకమని నేను అనుకుంటాను.

తెలంగాణలో ధరణిని బంగాళాఖాతంలో కలుపుతామన్నది ఎన్నికల మాట. సముద్రంలో కలిసింది పేరు మాత్రమే, రికార్డులు ఒడ్డునే ఉన్నాయి. అలా ఉండడమే మంచిదైంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో మొదలైన భూభారతి అవే రికార్డుల మీద అప్పీలు మెట్లను తిరిగి కట్టింది, సాదాబైనామాలకు చోటిచ్చింది. సెప్టెంబరులో సుమారు 5,000 మందికి గ్రామ పాలనాధికారులుగా (జీపీవోలుగా) నియామక పత్రాలిచ్చారు. పరీక్ష పెట్టి తీసుకున్న వారంతా పాత వీఆర్వోలు, వారి కింద పనిచేసిన వీఆర్ఏలే (గ్రామ రెవెన్యూ సహాయకులు). వీఆర్వోల రద్దుకూ, వారినే పరీక్ష రాయించి పిలుచుకోవడానికీ మధ్య అయిదేళ్లు గడిచాయి. ఆ అయిదేళ్లలో ఊళ్లో పంచనామాకు, వారసత్వ విచారణకు, సర్కారు భూమి మీద కన్నేసి ఉంచడానికి రెవెన్యూ శాఖ తరఫున నిలబడి చేసే మనిషి లేడు.

అనుభవదారు గడిలో పేరు పోగొట్టుకున్న కౌలుదారు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. దీనికి మరో మహా చట్టం రాయనక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన అధీకృత సాగుదారుల చట్టం కింద కౌలుదారుకు ఏడాది కాలపు రుణ అర్హత కార్డు ఇవ్వవచ్చు. ఆ కార్డు వల్ల పట్టాదారు హక్కుకు భంగం కలగదని చట్టమే చెబుతుంది. తెలంగాణలో ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, కార్డులివ్వడం ఆగిపోయిందంతే. దరఖాస్తు తీసుకుని, పొలం మీదికి వెళ్లి, దున్నుతున్నదెవరో చూసి, గ్రామసభలో చదివి వినిపించడానికి ఇప్పుడు జీపీవోలు ఉన్నారు. వచ్చే వానాకాలం నాట్లకు ముందే ఈ పని మొదలుపెట్టమని ప్రభుత్వం ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.